పీఠం ఒక ఊళ్లో, పండగ ఇంకో ఊళ్లో

శనివారం, ఉట్రెక్ట్

ఉట్రెక్ట్‌లో యాన్స్‌కెర్క్‌హోఫ్ కూడలి దగ్గర శనివారాలు పూల సంత పెడతారు. బకెట్ల నిండా పూలు, కుండీల్లో లావెండర్ మొక్కలు, సైకిల్ బుట్టల్లోంచి బయటికి వేలాడే గుత్తులు. ఆ సందడిలోంచి తలెత్తి చూస్తే గుర్రం మీద ఓ కంచు మనిషి కనిపిస్తాడు. చేతిలో బుల్లి చర్చి ఉంటుంది. మా బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, "ఈయనేనా అబ్బయా, మనం వచ్చింది ఈయన కోసమేనా?" అన్నాడు.

ఈయన కోసమే. పేరు విల్లిబ్రోర్డ్. 658 ప్రాంతంలో ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబ్రియాలో పుట్టాడు. ఫ్రిసియన్లకు ఆర్చ్‌బిషప్‌గా బతికి 739 నవంబర్ 7న, ఎనభై ఒకటో ఏట పోయాడు. ఫ్రిసియన్లంటే ఇప్పటి నెదర్లాండ్స్ తీరం వెంబడి అప్పట్లో ఉన్న జనం. పడవలు, వర్తకం, పశువులు వాళ్ల బతుకు. వాళ్ల దేవతలు వాళ్లకున్నారు, వాళ్ల రాజు వాళ్లకున్నాడు.

బాబాయ్‌కి ఈయన మీద ఆసక్తి ఎందుకంటే, ఆయన నెల్లూరులో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) బడిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఒకప్పుడు ఆ వైపు మిల్ హిల్ సంఘం ఫాదర్లు పనిచేసేవాళ్లు, వాళ్లలో డచ్చివాళ్లూ ఉండేవాళ్లు. "వాళ్లొచ్చి మాకు చెప్పారు సరే, వాళ్లకెవరు చెప్పారు?" అన్నది ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న ప్రశ్న. నేను ఐందోవెన్‌లో ఉద్యోగం చేస్తున్నాను కదా అని ఈ వేసవికి రమ్మన్నాను. రాగానే ఈ ప్రశ్న బయటికి తీశాడు. విల్లిబ్రోర్డ్ పేరిట జరిగే ఊరేగింపు పెంతెకోస్తు పండగ వెనకే వస్తుంది, ఆ పండగ దగ్గర్లోనే ఉందని చూసి ప్రయాణం కట్టాం.

కథ ఐర్లండ్‌లో మొదలవుతుంది. విల్లిబ్రోర్డ్ చిన్నప్పుడే తండ్రి విల్గిల్స్ సన్యాసం పుచ్చుకుని, పిల్లాణ్ణి రిపన్ మఠానికి ఇచ్చేశాడు. ఇరవై ఏళ్ల వయసులో అక్కణ్ణుంచి ఐర్లండ్‌లోని రాథ్ మెల్సిగి అనే మఠానికి వెళ్లి, పన్నెండేళ్లు ఉన్నాడు. అక్కడి పెద్ద ఎగ్బర్ట్‌కు సముద్రం దాటి ఫ్రిసియన్ల మధ్య బోధించాలని ఉండేది కానీ కుదరలేదు. ముందు పంపినాయన రెండేళ్లు తిరిగి, ఫలితం లేక వెనక్కొచ్చేశాడు. ఆ తర్వాత, 690లో, విల్లిబ్రోర్డ్ పదకొండు మందితో పడవెక్కాడు.

దిగీ దిగగానే ఈయన చేసిన పని నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. ఫ్రిసియన్ల రాజు రాడ్బోడ్ దగ్గర కూర్చోకుండా, నేరుగా పొరుగు జనమైన ఫ్రాంకుల అధినేత పిప్పిన్ దగ్గరికి వెళ్లాడు. పిప్పిన్ అప్పుడే రాడ్బోడ్‌ను ఓడించి కొంత నేల ఆక్రమించుకున్నాడు. ఆ నేల మీదే బోధించుకోమన్నాడు. ఆ తర్వాత ఈయన రోమ్ వెళ్లి పోప్ ఆశీస్సు కూడా తెచ్చుకున్నాడు. 695లో మళ్లీ వెళ్తే పోప్ సెర్గియస్ ఆర్చ్‌బిషప్‌గా అభిషేకించి క్లెమెంట్ అని పేరు పెట్టాడు. తిరిగొచ్చాక పిప్పిన్ ఇచ్చిన పీఠమే ఈ ఉట్రెక్ట్. వెనకాల ఒక కత్తి, పైన ఒక ముద్ర, రెండూ చూసుకునే పనిలోకి దిగాడన్నమాట. బాబాయ్‌కి నా ఈ మాట నచ్చలేదు. "ఎవరి అండా లేకుండా బడి కట్టగలవా నువ్వు? నేను పంచాయతీ ప్రెసిడెంటు చుట్టూ తిరగలేదూ?" అన్నాడు.

మధ్యాహ్నం డోమ్, అంటే పాత కతీడ్రల్, ఉన్న కూడలికి నడిచాం. 112 మీటర్ల గోపురం ఒకవైపు, చర్చి ఇంకోవైపు, మధ్యలో ఖాళీ. 1674 తుఫానుకు చర్చి నడిమి భాగం కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. ఆ ఖాళీ కింద రోమన్ కోట ఉంది. సామ్రాజ్యపు సరిహద్దుకు కాపలాగా కట్టింది. ఆ పాత కోట గోడల మధ్యే విల్లిబ్రోర్డ్ తన చర్చిలు నిలబెట్టాడు. ఒకటి రక్షకుడి పేరిట కొత్తగా కట్టాడు. రెండోది అంతకుముందు ఎవరో కూలగొట్టిన చిన్న చర్చి. దాన్ని లేపి సెయింట్ మార్టిన్ పేరు పెట్టాడు.

కిందికి దిగి చూడొచ్చు. మెట్ల దగ్గర చేతికో టార్చిలైటు ఇస్తారు. చీకట్లో ఏ రాయి మీదకి వెలుగు వేస్తే ఆ రాయి కథ చెవిలో వినిపిస్తుంది. బాబాయ్ పిల్లాడిలా ప్రతి రాయినీ వెలిగించాడు. రోమన్ సైనికుల కాలం వచ్చింది, తుఫాను వచ్చింది, మధ్యలో విల్లిబ్రోర్డ్ కూడా వచ్చాడు. కానీ ఇదిగో ఈయన కట్టించిన గోడ అని తడిమి చూసే అవకాశం మాత్రం నాకు దొరకలేదు.

పైకొచ్చాక ఇంకో తమాషా. డోమ్ చర్చి 1580 నుంచి ప్రొటెస్టెంట్లది. కాథలిక్ ఆర్చ్‌బిషప్ పక్క వీధిలో సెయింట్ కాథరిన్ కతీడ్రల్‌లో ఉంటాడు. ఇంకో ఆర్చ్‌బిషప్ కూడా ఉన్నాడు: 1723లో రోమ్ అనుమతి లేకుండా ఉట్రెక్ట్ వాళ్లు తమ ఆర్చ్‌బిషప్‌ను తామే ఎన్నుకున్నారు, ఆ చీలిక నుంచి వచ్చిన ఓల్డ్ కాథలిక్ చర్చికి పెద్ద ఇప్పటికీ ఇక్కడే. ఇద్దరూ విల్లిబ్రోర్డ్ వారసులమనే చెప్పుకుంటారు. వారసులు ఇద్దరు, గుడి మూడోవాళ్లది. మన ఊళ్లలో ఆస్తి తగాదాలు చూసిన బాబాయ్‌కి ఇది అర్థమవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఆదివారం, రైల్లో

పొద్దున సెయింట్ కాథరిన్‌లో పెంతెకోస్తు పూజ చూసుకుని రైలెక్కాం. కొలోన్, కోబ్లెంజ్, అక్కణ్ణుంచి మోసెల్ నది వెంట ట్రియర్. రెండు వైపులా నిటారు కొండల మీద ద్రాక్ష తోటలు. పులిహోర డబ్బా కోబ్లెంజ్ దాటకముందే ఖాళీ అయ్యింది.

దారిలో ఫోన్లో ఒక పేజీ తీసి బాబాయ్‌కి చూపించాను. విల్లిబ్రోర్డ్ దగ్గర ఉండిన పంచాంగం అది. ఏ రోజు ఏ సెయింట్‌ను తలుచుకోవాలో రాసుకున్న చర్మపు పుస్తకం. ఇప్పుడు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది, స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. నవంబర్ నెల పేజీ అంచులో, తేదీల పక్కన మిగిలిన ఖాళీలో, చిన్న అక్షరాలతో లాటిన్ వాక్యాలు ఇరికించి ఉన్నాయి. క్లెమెంట్ విల్లిబ్రోర్డ్ అనే తాను 690లో సముద్రం దాటి ఫ్రాంకుల దేశానికి వచ్చానని, 695లో అర్హత లేకపోయినా పోప్ సెర్గియస్ చేతుల మీదుగా రోమ్‌లో బిషప్‌నయ్యానని, ఇప్పుడు 728లో ఇలా సాగుతున్నానని. ఆయన సొంత దస్తూరీ అనే పండితులు అంటారు. డెబ్బై ఏళ్ల మనిషి తన జీవితం మొత్తాన్ని నాలుగు ముక్కల్లో రాసుకున్నాడు. ఓడిన సంవత్సరాలు అందులో లేవు.

బాబాయ్ ఫోన్ దగ్గరికి పెట్టుకుని సంవత్సరాలు వేలితో వెతికాడు. లెక్కల మాస్టారు మరి. అవి క్రీస్తు పుట్టినప్పటి నుంచి లెక్కపెట్టిన సంవత్సరాలు. మనకిది మామూలే కానీ ఆ రోజుల్లో జనం రాజు ఏలుబడిని బట్టి లెక్కపెట్టేవాళ్లు. క్రీస్తు శకం వాడకాన్ని అంతటా వ్యాపింపజేసిన చరిత్రకారుడు బీడ్ తన పుస్తకం ముగించింది 731లో. ఈ అంచు రాత దానికంటే మూడేళ్లు ముందుది.

ఇక ఓడిన సంగతి. విల్లిబ్రోర్డ్ చరిత్రను ఆయన పోయాక కొన్ని దశాబ్దాలకు ఆల్క్విన్ రాశాడు. ఈయన ఫ్రాంకుల రాజు షార్లమేన్ కొలువులో పండితుడు, విల్లిబ్రోర్డ్‌కు బంధువు కూడా. ఆ కథల్లో ఒకటి నాకు మింగుడుపడదు. డెన్మార్క్ వైపు బోధించడానికి వెళ్లి, అక్కడేమీ సాగక, ముప్పై మంది కుర్రాళ్లను వెంటబెట్టుకుని వస్తుంటే తుఫాను పడవను ఒక దీవికి చేర్చింది. ఫోసిటె అనే దేవుడి దీవి. అక్కడి పశువుల్ని ఎవరూ ముట్టుకోరు, ఊటలో నీళ్లు మాట్లాడకుండా తోడుకోవాలి. విల్లిబ్రోర్డ్ ఆ ఊటలోనే ముగ్గురికి గట్టిగా ప్రార్థనలు చదువుతూ బాప్తిస్మం ఇచ్చాడు, ఆ పశువుల్ని తిండికి కోయించాడు. ఆల్క్విన్ దీన్ని ఆయన ధైర్యమని రాశాడు. నాకు మాత్రం ఆ దీవి జనం పక్షాన నిలబడాలనిపించింది. ఈ తప్పుకు ఎవరిని చంపాలో తేల్చడానికి రాడ్బోడ్ రాజు మూడు రోజులు చీట్లు వేయించాడట, చీటీ పడ్డ ఒకడే చనిపోయాడు, విల్లిబ్రోర్డ్‌ను మర్యాదగానే సాగనంపాడు. "అతిథి ఆ ఇంటి మర్యాద తెలుసుకోవాల" అని బాబాయ్ కూడా ఒప్పుకున్నాడు. మనం మెచ్చే మనిషైనా సరే.

ఆ రాడ్బోడ్ గురించి ఇంకో ఆర్చ్‌బిషప్, సాన్స్ ఊరి వుల్ఫ్రామ్ కథలో ఒక ముచ్చట ఉంది. రాజు బాప్తిస్మానికి ఒప్పుకుని ఒక కాలు నీళ్లలో పెట్టాక, మా తాతలు ఎక్కడున్నారు అని అడిగాడట. నరకంలో అన్నారు. అయితే వాళ్ల దగ్గరికే పోతానని కాలు వెనక్కి తీసుకున్నాడట. తర్వాతి కాలంలో అల్లిన కథే అయినా, రాజు మనస్తత్వం సరిగ్గానే పట్టుకుంది. 714లో పిప్పిన్ చచ్చిపోగానే రాడ్బోడ్ తిరగబడ్డాడు. చర్చిలు పోయాయి, ఫాదర్లు పారిపోయారు. విల్లిబ్రోర్డ్ ఇరవై ఏళ్ల కష్టం ఒక్కసారిగా పోయింది.

పారిపోయి ఎక్కడికి వెళ్లాడన్నదే మా తర్వాతి మజిలీ.

సోమవారం, ట్రియర్, ఎక్టర్నాఖ్

విల్లిబ్రోర్డ్ మఠం ఉన్నది లక్సెంబర్గ్ దేశపు ఎక్టర్నాఖ్ ఊళ్లో. అక్కడ పండగ రోజులకు గది దొరకలేదు కాబట్టి జర్మనీ వైపు ట్రియర్‌లో దిగాం. ట్రియర్ కార్ల్ మార్క్స్ పుట్టిన ఊరు. టీచర్ల యూనియన్‌లో పాతికేళ్లు తిరిగిన మనిషి కదా, బాబాయ్ ముందు ఆ ఇంటి దగ్గర ఫొటో దిగాకే మిగతావి అన్నాడు. రోమన్ ద్వారం పోర్టా నిగ్రాను వెళ్తూ వెళ్తూ చూశాం.

మేం వెతుక్కుంటూ వెళ్లింది సెయింట్ ఇర్మినెన్‌కు. నది ఒడ్డున, రోమన్ ధాన్యపు కొట్ల స్థలంలో ఒకప్పుడు ఇర్మినా అనే అధిపతి నడిపిన కన్యాస్త్రీల మఠం ఉండేది. ఇప్పుడక్కడ వృద్ధుల ఆశ్రమం, దానికి సొంత వైన్ కొట్టు. ఈ ఇర్మినా 698లో ఎక్టర్నాఖ్‌లో తన వాటా భూమిని విల్లిబ్రోర్డ్‌కు రాసిచ్చింది. మిగతా వాటాను 706లో పిప్పిన్, ఆయన భార్య ప్లెక్ట్రూడ్ ఇచ్చారు. పీఠం ఉట్రెక్ట్‌లో, యుద్ధరంగానికి ఆనుకుని. మఠం మాత్రం దక్షిణాన, యుద్ధం సోకని చోట, ఆదరించే కుటుంబం నేల మీద. రాడ్బోడ్ తరిమినప్పుడు విల్లిబ్రోర్డ్‌కు తల దాచుకునే చోటు ఉందంటే అది ఇర్మినా చలవ.

ట్రియర్ నుంచి బస్సులో కొండలు దిగితే సూర్ నది. వంతెన దాటితే లక్సెంబర్గ్. అవతలికి అడుగుపెడితే బస్సు, ట్రామ్, రైల్లో రెండో తరగతి అన్నీ ఉచితం. 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశం మొత్తానికీ ఇదే పద్ధతి. మన ఆడవాళ్ల ఉచిత బస్సు గుర్తొచ్చి బాబాయ్ కాసేపు బడ్జెట్ లెక్కల్లో పడ్డాడు.

ఎక్టర్నాఖ్ మఠం పెద్ద చర్చిని బసిలికా అంటారు. బయటికి పాతగా కనిపిస్తుంది కానీ పాతది కాదు. ఫ్రెంచి విప్లవ సైనికులు 1794లో మఠాన్ని దోచారు. తర్వాత దాన్ని వేలం వేస్తే పింగాణీ సామాను ఫ్యాక్టరీ అయ్యింది. ఊరివాళ్లు 1862లో సంఘం పెట్టుకుని బాగుచేయించారు. 1944 డిసెంబర్ 26న జర్మన్ సైన్యం పేల్చేసింది. మళ్లీ కట్టి 1953లో ప్రతిష్ఠ చేశారు. ఇన్నిటికీ తట్టుకున్నది కింద ఉన్న సమాధి మందిరమే.

మెట్లు దిగాం. తల తగిలేంత తక్కువ ఎత్తు కమానులు, సున్నం మీద వెలిసిన పాత బొమ్మలు, మూలగా ఒక ఊట. మధ్యలో తెల్ల పాలరాతి పందిరి లాంటి కట్టడం. దాని చెక్కడాల సందుల్లోంచి లోపలికి తొంగిచూస్తే ఏ చెక్కడమూ లేని, గరుకైన రాతి పెట్టె. పాలరాయి 1906 నాటిది, పెట్టె ఎంతో పాతది. బాబాయ్ మోకాళ్లూనలేక నిలబడే సిలువ గుర్తు వేసుకున్నాడు. ఉట్రెక్ట్‌లో రెండు రోజులూ కనిపించని మనిషి ఇక్కడ దొరికాడు.

అనుకోకుండా దొరకలేదు. రాడ్బోడ్ 719లో పోయాక విల్లిబ్రోర్డ్ ఉట్రెక్ట్ తిరిగి వెళ్లి పని మొదటినుంచి మొదలుపెట్టాడు. సాయానికి బోనిఫాస్ వచ్చాడు. తర్వాత జర్మనీ అపొస్తలుడని పేరొందినాయనే. నా తర్వాత పీఠం నువ్వే తీసుకో అంటే, బిషప్‌కు యాభై నిండాలి, నాకింకా నిండలేదని తప్పించుకుని వెళ్లిపోయాడు. ముసలితనంలో విల్లిబ్రోర్డ్ 726లో వీలునామా రాసి, తన పేరిట చేరిన ఆస్తుల్ని ఎక్టర్నాఖ్ మఠానికి ఇచ్చేశాడు. తనను ఇక్కడే పాతిపెట్టమన్నాడు. పీఠం మీద ఆయనకు ఎంత నమ్మకం ఉండేదో ఆ కాగితాన్ని బట్టి నేను అంచనా వేసుకున్నాను.

మఠం మ్యూజియంలో ఇక్కడ రాసిన గ్రంథాల నకళ్లు చూశాం. అసలువి ఇక్కడ లేవు. బంగారు సువార్తల గ్రంథం న్యూరెంబర్గ్‌లో, పాతవి పారిస్‌లో. వెళ్లిపోయిన చిట్టా పెద్దదే.

మంగళవారం, ఎక్టర్నాఖ్

పెంతెకోస్తు తర్వాతి మంగళవారం ఈ ఊరు గెంతుతుంది. నిజంగానే.

ఎనిమిది గంటల పూజ అయ్యాక మఠం ప్రాంగణంలో వేల మంది జమయ్యారు. తెల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లు, లంగాలు. బడిపిల్లలు, స్కౌట్లు, అగ్నిమాపక దళం వాళ్లు, సరిహద్దు అవతలి జర్మన్ ఊళ్ల వాళ్లు, నెదర్లాండ్స్ వాళ్లు. ముందు విల్లిబ్రోర్డ్ పేరిట ప్రార్థనలు పాడుతూ ఒక గుంపు కదిలింది. వెనకాల బ్యాండు మొదలైంది. ఒకటే పాట. హుషారైన పోల్కా బాణీ, ఎనిమిది పది సెకన్లలో మనకూ పట్టుబడుతుంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా అదే. ఒక బ్యాండు దూరమవుతుంటే ఇంకోటి అదే పాట ఇంకో శ్రుతిలో అందుకుంటుంది.

వరసకు ఐదుగురు. చేతులు పట్టుకోరు. మనిషికీ మనిషికీ మధ్య ఒక తెల్ల చేతిరుమాలు, ఇటు కొస ఒకరు, అటు కొస ఒకరు. ఎడమ కాలి మీదకో గెంతు, కుడి కాలి మీదకో గెంతు, కొంచెం ముందుకు. మా ముందు ఆగిన వరసలో ఒక కుర్రాడి రుమాలు మెలికలు తిరిగి తాడైపోయింది, అతని వేళ్ల దగ్గర చెమటకు తడిసి బూడిదరంగు తేలింది. పక్కనున్న అమ్మాయి ఆ మెలిక విప్పి, మళ్లీ కొస అందించింది. ట్రంపెట్ వాయించేవాళ్లు పెదాలు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఎవరి మొహంలోనూ ప్రదర్శన ఇస్తున్న భావం లేదు, చాలామంది మొహాల్లో శ్రమ ఉంది.

"పండరి భజన రా ఇది!" అన్నాడు బాబాయ్. నిజమే, తాళాలు లేవు, గజ్జెలు లేవు కానీ అడుగు వేసే పద్ధతి అదే: దేవుడి దగ్గరికి నేరుగా నడిచి వెళ్లకుండా ఊగుతూ, లయలో వెళ్లడం.

పూర్వం మూడడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి వేసేవాళ్లట. ఎందుకు గెంతుతారు అంటే మూర్ఛ, వణుకు జబ్బులకు విల్లిబ్రోర్డ్‌ను వేడుకోవడం ఇక్కడ చాలాకాలంగా ఉంది. జబ్బు మనిషి రాలేకపోతే వాళ్ల బదులు బంధువులు గెంతేవాళ్లు. గెంతే భక్తుల ప్రస్తావన 1497 కాగితాల్లో ఉంది. విల్లిబ్రోర్డ్ జీవితంలో మాత్రం దీనికి మూలం ఏదీ లేదు. ఆయన ఎప్పుడైనా గెంతాడని ఆల్క్విన్ రాయలేదు.

పెద్దలకు ఇది ఎన్నడూ పూర్తిగా నచ్చలేదు. 1777లో ట్రియర్ ఆర్చ్‌బిషప్ పాట, గెంతు వద్దు, ఊరేగింపు చాలన్నాడు. 1786లో చక్రవర్తి రెండో జోసెఫ్ మొత్తానికే ఆపించాడు. తర్వాత విప్లవం. 1802లో మళ్లీ మొదలైంది. నాజీలు ఆపారు, వాళ్లు పోగానే మళ్లీ మొదలైంది. 2010లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఒక ఆర్చ్‌బిషప్ పండగను ఇంకో ఆర్చ్‌బిషప్ ఆపబోతే జనం వినలేదన్న సంగతి బాబాయ్‌కి తెగ నచ్చింది. యూనియన్ మనిషి కదా.

మా పక్కన నిలబడ్డ పెద్దావిడ ఏడేళ్ల వయసు నుంచి గెంతిందట. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఫుట్‌పాత్ మీదే. కానీ పాదాలు ఊరుకోవడం లేదు, మడమలు లేపి దించుతూనే ఉంది. బాబాయ్ ఆవిడను చూసి తనూ మొదలుపెట్టాడు. బీపీ మాత్ర వేసుకున్నావా అని నేను అడిగితే వినిపించుకోలేదు. ఆవిడ తన సంచిలోంచి ఇస్త్రీ చేసిన రుమాలు తీసి ఒక కొస ఆయనకిచ్చింది. ఒక బ్యాండు వచ్చి వెళ్లేంతసేపు ఇద్దరూ ఉన్నచోటే గెంతారు. ఆమెకు తెలుగు రాదు, ఈయనకు లక్సెంబర్గ్ భాష రాదు, ఎవరి మోకాలు ఎక్కువ పాడైందన్న చర్చ మాత్రం సైగలతో బాగానే నడిచింది.

ఊరేగింపు బసిలికాలోకి వెళ్లి, మెట్లు దిగి, ఆ రాతి పెట్టె పక్కగా సాగి బయటికొస్తుంది. అక్కడ దాకా గెంతు ఆపరు. చివరి గుంపు పోయాక మేమూ వరసలో నిలబడి కిందికి దిగాం. నిన్న మేం ఇద్దరమే ఉన్న గదిలో ఇవాళ ఊపిరాడలేదు. పైన బ్యాండు శబ్దం కమానుల్లోంచి దిగుతోంది, కాపలా మనిషి ఆగొద్దు, కదలండి అని చేయి ఊపుతున్నాడు. మన క్యూలైన్లలో లాగే.

బయట సాసేజ్‌ల పొగ, బీర్ బల్లలు, గెంతి అలిసిన పిల్లలకు ఐస్‌క్రీములు. బాబాయ్‌తో మళ్లీ పాత వాదన. విల్లిబ్రోర్డ్ రాజుల అండ చూసుకునే నెగ్గాడని నేను, నెగ్గలేదు కాబట్టే ఇక్కడికొచ్చి పడుకున్నాడని ఆయన. పిప్పిన్ ఇచ్చిన ఉట్రెక్ట్‌లో గుర్రం బొమ్మ ఉంది, ఇర్మినా ఇచ్చిన చోట మనుషులున్నారు, కాబట్టి దానమిచ్చిన చేతిని బట్టి ఉంటుందని ఆయన కొత్త సిద్ధాంతం. మిగతా సగం పిప్పినే ఇచ్చాడు కదా అంటే, "అది భార్య చెప్పింటే ఇచ్చుంటాడులే" అని కొట్టిపారేశాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం పెంతెకోస్తు, దాని వెంటనే వచ్చే మంగళవారం ఊరేగింపు. ఊళ్లోకి రైలు లేదు. లక్సెంబర్గ్ నగరం నుంచి బస్సుంది, టికెట్ అక్కర్లేదు. జర్మనీ వైపు నుంచి వస్తే సరిహద్దు దాకా టికెట్ కొనాల్సిందే. గది నెలల ముందే చూసుకోండి. సమాధి ప్రశాంతంగా చూడాలంటే ముందురోజే వెళ్లండి, మంగళవారం అక్కడ నిలబడనివ్వరు.